ఏరు యాడుంది?

ఎలహంక దాటాక పటం మీద ఒక నీలి గీత ఉంది.
ఫోన్లో దాన్ని రెండు వేళ్లతో సాగదీసి
"ఇదిగో, ఇక్కడికే" అన్నాను శనివారం రాత్రి.
మేదిని తన ఈత కళ్లద్దాలు సంచిలో పెట్టుకుంది.

ఆదివారం ఏడింటికి హెసరఘట్ట గడ్డిలో నలుగురం.
ముందు నేను, దారి తెలిసినవాడిలా.
వెనక సుగుణ, చిత్రాన్నం డబ్బా ఒరిగిపోకుండా
చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని.
ఆ వెనక మా అత్త ఓబులమ్మ,
చీర కింద నా పాత కాన్వాసు బూట్లు,
వదులు కాకుండా రెండు జతల మేజోళ్లు.
మేదిని ఎక్కడుందో చెప్పలేను,
గడ్డి ఎక్కడ కదిలితే అక్కడ.

చెట్టంటూ లేదు.
మా వీధిలో రెండు మేడల మధ్య
ఒంటికాలి మీద నిలబడే ఆకాశం
ఇక్కడ కాళ్లు చాపుకుని కూర్చుంది.
"ఇంత చోటు ఎవరిది?" అంది సుగుణ.
చదరపు అడుగుల్లో ఆలోచించే మనిషి,
లెక్క మొదలెట్టి మధ్యలో వదిలేసింది.

గాలి వీచినప్పుడల్లా గడ్డి
ఒక పక్క వెండి, ఇంకో పక్క బెల్లం.
మేదిని ప్యాంటు నిండా ఉత్తరేణి గింజలు.
ఒక్కొక్కదాన్నీ పీకి,
"నీ స్టాపు వచ్చింది, దిగు" అని
కండక్టరులా దింపుతూ నడిచింది.

తీతువు అరిచింది.
అత్త ఆగిపోయింది, రెండు చేతులూ చెవుల మీద.
"ఇంటికి పోదాం పాండి. ఈ పిట్ట అరిస్తే మంచిది కాదు.
మీ మామ పోయిన రాత్రి గూడా..."
పిట్ట మా తలల మీంచి ఎగిరింది, వాలింది,
కుంటినట్టు నటించింది, మళ్లీ అరిచింది.
మేదిని కదలకుండా నిలబడి
తన కాలి దగ్గర వేలితో చూపించింది:
రాళ్ల మధ్య, రాళ్లలాంటివే, నాలుగు గుడ్లు.
అత్త చాలాసేపు చూసింది.
చెవుల మీది చేతులు దించి
"పోతాన్నాం లేమ్మా, పోతాన్నాం, అరవద్దు" అంది,
బాలింత ఉన్న గదిలోంచి వస్తున్నట్టు
ఒక్కొక్క అడుగూ వెనక్కి వేస్తూ.

పల్లం వచ్చింది.
పటంలో నీలి గీత మీద మా చుక్క నిలబడి మినుకుమంటోంది.
కాళ్ల కింద ఇసుక, తుమ్మముళ్లు,
ఎవరిదో ఒంటి చెప్పు, మేకల అడుగులు.
"నాన్నా, ఏరు యాడుంది?"
అమ్మమ్మ యాస పిల్లకు ఎప్పుడు అంటిందో.
నేను ఫోన్ని రెండుసార్లు తట్టాను.
గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయన
మా అవస్థ చూసి, కర్ర మీద గడ్డం ఆనించి
"నీళ్లు లేవు గానీ ఏరు ఇదే సామీ,
నువ్వు దాని నడుములో నిలబడుండావు" అన్నాడు.

అత్త అప్పటికే బూట్లు విప్పేసింది.
అరికాళ్లతో ఇసుకను అడుగుతూ పోయింది,
ఇక్కడ కాదు, ఇక్కడా కాదు.
వంపు తిరిగేచోట చతికిలబడి
చిత్రాన్నం డబ్బా మూతతో తవ్వసాగింది.
"చెలమ" అంది.
మేదిని ఆ మాటను నోట్లో రెండుసార్లు తిప్పుకుంది.
జానెడు. పొడి ఇసుక జారి జారి మళ్లీ గుంటలోకే.
మూరెడు.
నేనేదో అనబోతే సుగుణ కళ్లతోనే ఆపింది.

నీళ్లు రాలేదు.
ఉన్నదున్నట్టు చెప్పాలి, రాలేదు.
అడుగున ఇసుక రంగు మారింది, అంతే,
ఏడ్చి నిద్రపోయిన పిల్ల దిండులా.
మేదిని బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి దూర్చి
"చల్లగుంది!" అని కేకేసింది,
గొర్రెలన్నీ తలెత్తి చూసేంత గట్టిగా.

అన్నం అక్కడే తిన్నాం, పంటికింద ఇసుకతో సహా.
వచ్చేముందు గుంట పూడుద్దామన్నాను.
"ఉండనీ. రాత్రికి ఊరితే ఆ పిట్ట తాగుతాది."

కారులో మేదిని నిద్రపోయింది,
ఈత కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని,
కుడిచేతి గోళ్లలో ఏరు.